మరణ హక్కు కోసం ఆమరణ దీక్ష

"గౌరవంగా మరణించే హక్కును ప్రభుత్వం ప్రజలకు వెంటనే ప్రసాదించాలి. లేనిపక్షంలో నేను మరణిస్తాను" అని మా గంగాధరరావుగారు మల్కాపురంలో మైకు పట్టుకుని ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. హక్కు ఇంకా రాలేదు కదా, మరి మీరెలా మరణిస్తారని ఒక విలేకరి అడిగాడు. "మా పోరాటం సరిగ్గా దాని గురించే" అన్నారాయన. విలేకరి రాసుకున్నాడు.

గంగాధరరావుగారు ప్రజల మనిషి. ఎన్నికల్లో నిలబడ్డ ప్రతిసారీ ఓడిపోయినా ప్రజల్ని క్షమిస్తూ వచ్చారు. ఇదివరకు మా ఇళ్ల మీద పడే బొగ్గుపొడి మీద పోరాడారు. పొడి అలాగే ఉంది, ఆయన చొక్కా తెలుపూ అలాగే ఉంది. అంతటి మనిషి దీక్షకు టెంటు వేసే భాగ్యం నాకు దక్కింది. నాది టెంట్‌హౌస్. టెంటు వేసింది మా పక్కింటి గురువమ్మగారి గుమ్మం ముందు. అక్కడే ఎందుకంటే, ఉద్యమానికి మూలం ఆవిడే.

గురువమ్మగారి భర్త పోర్టులో కలాసీగా చేసి పోయాడు. కూతురు గౌరీశ్వరి టైలరింగ్ చేస్తూ తల్లితోనే ఉంటుంది. గురువమ్మగారికి కడుపులో క్యాన్సర్ ముదిరింది. ఇక ఆపరేషన్లు దండగని, నొప్పి తెలియకుండా మందులిస్తామని, ఇంట్లోనే చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడకు ముద్ద దిగడం మానేసింది. ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం వేయించి పాలు పట్టిద్దామని గౌరీశ్వరి పట్టుబట్టింది. అప్పటినుంచి తల్లీకూతుళ్లిద్దరూ రోజూ ఒకే గొడవ పడుతున్నారు. గోడ పలచన కాబట్టి నాకు వినబడుతుంది.

"నాకు గొట్టాలొద్దే. ఈ మంచం మీదే ఉంటాను."

"నీకు గొట్టాలొద్దు, సరే. నాకు అమ్మ కావాల గదా! ఆ మాటెవులు అడుగుతారు?"

ఈ మాటలు టీ కొట్టు దాకా, అక్కడినుంచి గంగాధరరావుగారి దాకా పాకాయి. ఆయన వీడియో తీసే ఫొటోగ్రాఫర్‌తో సహా పరామర్శకు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"అమ్మా, మీరు చనిపోవాలనుకుంటున్నారని విని నా గుండె ఉప్పొంగింది."

"నాను సచ్చిపోతానన్లేదు బాబూ" అంది గురువమ్మగారు. "గొట్టాలొద్దన్నాను."

"రెండూ ఒకటే."

"ఒకటెలాగౌతాది? సావు దానంతటదే వత్తంది. దాని దారికి అడ్డం పడొద్దంతన్నాను."

ఆయన ఫొటోగ్రాఫర్‌కేసి తిరిగి "ఇది కట్ చెయ్" అన్నారు.

బయటికొచ్చాక నేను భయపడుతూనే అడిగాను. వద్దన్న వైద్యం ఆపుకోవచ్చని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది కదా బావా, పేపర్లో చదివినట్టు గుర్తు అని.

"కోర్టు ఇచ్చీస్తే నాకేటొస్తాది?" అన్నారు. "నాను తేవాల."

ఇలాంటి దూరదృష్టి అందరికీ ఉండదు.

దీక్ష మొదలైన మర్నాడే ఎదురుగా ఇంకో టెంటు వెలిసింది. అదీ నాదే. అవతలి పార్టీ నాయకులు సన్యాసిరాజుగారు 'జీవించే హక్కు పరిరక్షణ రిలే నిరాహార దీక్ష' ప్రారంభించారు. రిలే కాబట్టి భోజనం చేసినవాళ్లు వచ్చి కూర్చుంటారు, ఆకలేసినవాళ్లు లేచి వెళ్తారు. రెండు మైకులూ గురువమ్మగారి కిటికీ వైపే తిరిగి ఉండేవి. ఒకటి ఆవిణ్ని చావనివ్వమనేది, ఇంకొకటి బతకనివ్వమనేది. ఆవిడ నిద్రపోనివ్వమనేది. ఆవిడ దగ్గర మైకు లేదు.

సన్యాసిరాజుగారు మంచి వక్త. "వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతారు! ఆ తర్వాత ఆ ఇంట్లో మిగిలినవాళ్ల సంగతి ఎవరైనా ఆలోచించారా? ఆ ఖాళీ మంచం వైపు వాళ్లు ఎలా చూడాలి?" అని ఒకరోజు గర్జించారు. జవాబు కోసం ఆగకుండా ఓటర్ల నమోదులో అక్రమాల మీదికి వెళ్లిపోయారు.

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. గౌరీశ్వరి మెడలో టేపుతో అలాగే బయటికొచ్చి టెంటు ముందు నిలబడింది.

"ఆ మాటింకోసారి సెప్పండి" అంది.

"ఏ మాటమ్మా?"

"మిగిలినోల్ల సంగతి."

ఆయన పక్కనున్న కార్యకర్తను చూశారు. కార్యకర్త ఉపన్యాసం కాగితాలు తిరగేశాడు. "అయిపోయిందండి అది" అన్నాడు. గౌరీశ్వరి లోపలికెళ్లిపోయింది.

ఇవతల గంగాధరరావుగారి ఆరోగ్యం దిగజారుతున్నట్టు బులెటిన్లు వస్తున్నాయి. బరువు మాత్రం కొంచెం పెరిగింది. అది సంకల్పం బరువని పార్టీ డాక్టరు వివరించాడు. ఆయన ఘనపదార్థం ముట్టలేదని నేను సాక్ష్యం చెప్పగలను. సాంబారులో పూర్తిగా మునిగిన ఇడ్లీ ద్రవపదార్థమేనని దీక్షా నియమావళిలో ఉంది. నియమావళి రాసింది ఆయనే.

చివరికి పైనుంచి ఆర్డర్ వచ్చింది. మల్కాపురంలో తిండి మానేసిన వ్యక్తి పరిస్థితి విషమంగా ఉంది కనుక వెంటనే ఆస్పత్రికి తరలించాలని. ఎస్సై కొత్తవాడు, నిజాయితీపరుడు. అంబులెన్సుతో వచ్చేసరికి గంగాధరరావుగారు టెంటు వెనక ద్రవపదార్థం స్వీకరిస్తున్నారు.

"ఇక్కడ తిండి మానేసింది ఎవరు?" అన్నాడు ఎస్సై.

రిలే టెంటులో అందరూ తిన్నవాళ్లే. ఎస్సై టెంటు వెనక్కి వెళ్లి, సాంబారు వాసన చూసి తిరిగొచ్చాడు. తర్వాత గురువమ్మగారి తలుపు తోశాడు. ఆర్డర్‌కి అన్నివిధాలా సరిపోయే మనిషి ఆ వీధిలో ఒక్కరే ఉన్నారు.

గురువమ్మగారు స్ట్రెచర్ మీదినుంచి "గౌరీ, వద్దని సెప్పే" అంటూనే ఉంది. గౌరీశ్వరి అరిచింది, ఎస్సై చెయ్యి పట్టుకుని లాగింది. అంబులెన్సు తలుపు తీసేసరికి మాత్రం తనే ముందు ఎక్కి కూర్చుంది. ఆస్పత్రిలో ఏమైనా జరగొచ్చు, అమ్మ ఇంకొన్నాళ్లు ఉండొచ్చు అన్న ఆశ ఆ పిల్ల ముఖంలో కనబడింది. ఆ ఆశను తప్పుపట్టడం నావల్ల కాదు.

ఈ ఘటనతో ప్రభుత్వం దిగివచ్చింది. మంత్రిగారు స్వయంగా విచ్చేసి గంగాధరరావుగారికి నిమ్మరసం ఇచ్చారు. మిగిలిన సగం గ్లాసు సన్యాసిరాజుగారికి ఇచ్చారు. గౌరవ మరణంపై ఉన్నతస్థాయి కమిటీ వేస్తున్నామని, చైర్మన్ గంగాధరరావుగారని, బతుకు పక్షం వాదన కూడా వినాలి కాబట్టి వైస్ చైర్మన్ సన్యాసిరాజుగారని ప్రకటించారు. చావుకొక కారు, బతుక్కొక కారు మంజూరయ్యాయి. మా వీధిలో ఇద్దరు నాయకులు కౌగిలించుకోవడం నేను మొదటిసారి చూశాను.

నేను ఆస్పత్రికి వెళ్లినప్పుడు గురువమ్మగారి ముక్కులో గొట్టం, చేతికి సెలైను ఉన్నాయి. గొట్టం పీకేస్తోందని రెండు చేతులూ మంచానికి కట్టేశారు. గౌరీశ్వరి ఆ కట్టు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నాతో మాటాడట్లేదన్నా" అంది. "నానే తీసుకొచ్చీసినాననుకుంతంది. ఒకలాగ నిజమే గదా."

ఇంటికి తీసుకెళ్లిపోతానని డాక్టర్ని అడిగిందట. పోలీసులు తెచ్చిన కేసు, కమిటీ అనుమతి కావాలన్నారట. కమిటీకి విన్నవించుకుంది. కమిటీ కరుణతో స్పందించింది. దరఖాస్తుదారు స్వయంగా హాజరై, తాను మరణించగోరుతున్నట్టు ఆరోగ్యవంతమైన మనసుతో, స్పష్టమైన కంఠంతో చెప్పుకోవాలని ఆదేశించింది. వేదిక రుషికొండ దగ్గర సముద్రం కనబడే ఒక హోటలు.

గొట్టంతో కంఠం స్పష్టంగా రాదు కనుక ఆ రోజుకి గొట్టం తీశారు. అంబులెన్సులో గౌరీశ్వరితో పాటు నేనూ వెళ్లాను. హోటల్ వాకిట్లో ఆపగానే సెక్యూరిటీ మనిషి వచ్చి కమిటీ లంచ్‌లో ఉందని, రొయ్యల వేపుడు ఇంకా రావాల్సి ఉందని, నీడలో ఆపుకోమని చెప్పాడు.

గురువమ్మగారు కళ్లు తెరిచింది. "ఎక్కడికొచ్చినామే?" అంది. ఆస్పత్రిలో చేరాక కూతురితో మాట్లాడటం అదే మొదలు.

"రుషికొండే అమ్మా."

"ఇక్కడ మనకేటి పని?"

గౌరీశ్వరి అద్దంలోంచి హోటలు కేసి చాలాసేపు చూసింది. తర్వాత డ్రైవర్ మోహన్ భుజం తట్టింది.

"అన్నా, మల్కాపురం పోనియ్."

"కమిటీ పిలిస్తే?"

"ఆల్లు తింతన్నారు. తిననీ."

మోహన్ సైరన్ వేసి మరీ తోలాడు.

డాక్టరమ్మ ఇంటికొచ్చి నొప్పికి మందులిచ్చింది, పెదాలు తడుపుతూ ఉండమంది. రెండు టెంట్లూ ఖాళీగా ఉన్నాయి. ఒక్కణ్నే విప్పుకుని తీసేశాను. వీధికి వెలుతురొచ్చింది. లోపల మిషను ఆడలేదు, గొడవా వినబడలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం గోడవతల మాటలు వినబడ్డాయి.

"నీకెలాగే?" అంది గురువమ్మగారు.

"నాకేటి, నాను బాగానే ఉంతాను. నువ్వు పడుకో."

అది అబద్ధమని గోడకి ఇవతలున్న నాకే తెలిసింది. ఆవిడకి తెలియకుండా ఉంటుందా? అయినా "సరే" అంది. సాయంత్రానికి ఆవిడ పోయింది. కూతురి చెయ్యి విడిపించడానికి ఇరుగుపొరుగు వాళ్లం ఇద్దరం సాయం పట్టాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న నేను మళ్లీ అదే గుమ్మం ముందు షామియానా వేశాను. వీధిలో పెద్దవాళ్లంతా వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. రిటైరైన కలాసీలు, పక్షవాతం వచ్చిన అర్జునరావుగారు, ఆయాసం మనిషి కనకరత్నంగారు. అంతలో సర్కారు కారు ఆగి చైర్మన్‌గారు పరుగులాంటి నడకతో దిగారు. ముఖం పాలిపోయి ఉంది. అంత నిజమైన దుఃఖం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

"ఎంత పని సేసీసినావమ్మా గౌరీ!" అన్నారు. "మీరు హాజరు కాకపోయినా నిన్ననే కమిటీ మీ అమ్మ అప్లికేషన్ పాస్ చేసింది. దేశంలోనే మోడల్ కేసు! బుధవారం మంత్రిగారు స్వయంగా వచ్చి అనుమతిపత్రం ఇద్దామనుకున్నారు. ఫ్లెక్సీలు కూడా అచ్చైపోనాయి. బుధవారం దాకా ఆగలేకపోనావా?"

గౌరీశ్వరి ఆయన్ని చూసింది. లోపలికెళ్లి తల్లి మంచం మీది దుప్పటి తీసి మడతపెట్టడం మొదలెట్టింది. ఒక మడత వేయడం, విప్పడం, మళ్లీ వేయడం.

చైర్మన్‌గారు కర్చీఫుతో నుదురు తుడుచుకుని షామియానాలోకి తిరిగారు. నా భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగారు.

"బావా, ఈ వీదిలో ఇంకెవులైనా ఉన్నారేటి?"

ఆయన చూపు కుర్చీల వరస మీదుగా మెల్లగా సాగింది. నేను జవాబు చెప్పేలోపే, కర్ర లేకుండా లేవలేని అర్జునరావుగారు లేచి నిలబడ్డారు. ఆయన వెనకే కనకరత్నంగారు దగ్గు దిగమింగుకుని, బుగ్గలు రుద్దుకుని, టీ తెచ్చిన కుర్రాణ్ని కేకేసి "నాకు రెండు ఇడ్లీ కూడా పట్రా" అన్నారు.