ఒకవేళగారి కునుకు

ఆ ఉదయం ఒకవేళగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గుమ్మం దాటాలి, వెనక్కి రాకుండా తిన్నగా పనికి వెళ్ళాలి. ఇదీ ఒక పథకమేనా అని మీరనుకోవచ్చు. ఇరవై రెండేళ్ళుగా ఆయన రోజూ వీధి మలుపుదాకా వెళ్ళి, ఒకవేళ గ్యాస్ కట్టలేదేమోనని ఒకసారి, ఒకవేళ కుళాయి కారుతోందేమోనని ఇంకోసారి వెనక్కి వచ్చే మనిషి. ఇంట్లో భార్య ఉంది కదా అంటే, ఒకవేళ ఆవిడ గమనించకపోతే అంటారు. అందుకే అసలు పేరు ఉద్యోగం కార్డు మీదే మిగిలిపోయి, ఆయన అందరికీ ఒకవేళగారైపోయారు.

రక్తపోటు చూసిన డాక్టరు, జబ్బేమీ లేదు, కంగారు తగ్గించుకుంటే చాలని చెప్పి పంపాడు. ఎలా తగ్గించుకోవాలో చెప్పలేదు. ఆ పని భార్య మీద పడింది. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి. ఆయన చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమండీ, మీ కంగారంతా ఇవ్వాళ నాకిచ్చి వెళ్ళండి."

"ఇవ్వడమేంటి?"

"ఏమేం ఆలోచిస్తారో చెప్పండి. సాయంత్రం ఆరింటిదాకా అవన్నీ నేను ఆలోచిస్తాను. మీరు ఒక్కటీ ముట్టుకోవద్దు."

"పాపం, నీకు కష్టం కదా."

"ఏముంది, ఎలాగూ ఇంట్లోనే ఉంటాను."

ఆయన వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టారు. గ్యాస్, కుళాయి, పెరటి కిటికీ, మరదలి మోకాలు, తన మోకాలు. చివరికి గొంతు తగ్గించారు. "ఇవ్వాళ హోటలాయన వస్తున్నాడు. మూడు వందల పరుపుల బేరం. అది కుదరకపోతే రెండు నెలలు ఫ్యాక్టరీ మూసేస్తామన్నారు. ఒకవేళ నేను చూసి పంపిన పరుపే ఆయనకి నచ్చకపోతే?"

"అదీ నాదే. ఇక వెళ్ళండి."

వీధి మలుపులో అలవాటు కొద్దీ కాళ్ళు ఆగాయి. కానీ వెనక్కి పంపడానికి బుర్రలో ఏమీ లేదు. అంతా ఇంట్లో ఉంది. తలెత్తి చూస్తే మేఘాలు ఎటో మెల్లగా వెళుతున్నాయి. ఇవి రోజూ ఇక్కడే ఉంటాయా అని ఆశ్చర్యపోతూ ఆయన కూడా వాటిలాగే మెల్లగా నడిచారు.

ఆయన ఉద్యోగం పరుపుల మీద పడుకోవడం. నవ్వకండి. దూది పరుపు కుట్టడం ఎవరైనా కుడతారు, అందులో ఆవగింజంత ఉండ ఉన్నా కనిపెట్టడం ఒకవేళగారి వీపు ఒక్కటే చెయ్యగలదు. ఆయన పడుకుంటే కంగారుగా పడుకుంటారు. ఒళ్ళంతా చెవులు చేసుకుని పడుకుంటారు. అందుకే ఫ్యాక్టరీలో ఒక కట్టడి ఉంది. ఆయన నడుం వాల్చగానే మిషన్లన్నీ ఆగిపోవాలి. ఫోన్ మోగకుండా దాని మీద ఒక దిండు కప్పాలి. ఆయన లేచి "కానివ్వండి" అనేదాకా ఎవరూ నోరెత్తకూడదు. మామూలుగా అది అయిదు నిమిషాల పని.

పదింటికి ఆయన మొదటి పరుపు మీద పడుకున్నారు. మిషన్లు ఆగాయి. పొడుగాటి షెడ్డులో కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ ఎండలో దూది నలకలు పైకీ పోకుండా, కిందకీ రాకుండా తేలుతున్నాయి. ఎడమ భుజం కింద ఏదో తగిలినట్టే ఉంది. దాని గురించి తర్వాత ఆలోచిద్దాంలే అనుకున్నారు. జన్మలో ఆయన ఆ మాట అనుకోవడం అదే మొదలు. ఒక నలకను చూస్తూ చూస్తూ కళ్ళు మూసుకున్నారు. ఆయన నిద్రపోయారు కాబట్టి, ఇక జరిగినదంతా మనమే చూడాలి.

పది నిమిషాలైంది. పావుగంటైంది. కుట్టుపనివాళ్ళ మీద పెద్దగా ఉండే ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ పక్కనున్న అమ్మాయి చెవిలో గొణిగింది. "ఇంతసేపెప్పుడూ పట్టలేదు. ఏదో పెద్ద తప్పే దొరికుంటుంది."

"లేపి అడుగుదామా అక్కా?"

"కట్టడి ఉందిగా. ఆయన లేచేలోపు మనమే సరిచేసేద్దాం."

హోటలు కోసం కుట్టిన మొదటి నలభై పరుపులూ గోడవారగా ఉన్నాయి. పన్నెండు మంది చప్పుడు కాకుండా కత్తెరలు తీశారు. ప్రతి కుట్టూ విప్పి, దూదంతా బయటికి లాగి, చేత్తో పిసికి చూశారు. ఎక్కడా తప్పు కనిపించలేదు. కనిపించకపోయేసరికి భయం ఎక్కువైంది. ఇంకా లోపలికి వెతికారు. పదకొండున్నరకల్లా షెడ్డులో మోకాలిలోతు దూది. గాలికి లేచినదంతా వచ్చి ఒకవేళగారి మీద నెమ్మదిగా వాలుతోంది.

అక్కడ ఇంట్లో భార్య పదింటికి ఒకసారి గ్యాస్ చూసింది. మాటిచ్చింది కదా. పదింబావుకి మళ్ళీ చూసింది. ఆ తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి మోకాలెలా ఉందని అడిగింది. మోకాలు బాగానే ఉంది. కానీ ఎప్పుడూ తొణకని అక్క అంత గాభరాగా అడిగేసరికి, చెల్లెలు ఎక్స్‌రే తీయించుకోవడానికి బయల్దేరింది. ఆ పైన ఆవిడ నోటికి తనంతట తనే ఒక మాట వచ్చింది. ఒకవేళ ఈయన మరీ తేలిగ్గా నడుస్తూ రోడ్డు చూసుకోకుండా దాటితే? ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. ఫోన్ దిండు కింద ఉంది. ఆరుసార్లు చేసింది. దొరికిన బండెక్కి వచ్చేసింది.

సరిగ్గా అదే సమయానికి ఫ్యాక్టరీ యజమాని హోటలాయన్ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. నలభై పరుపులూ పీలికలై పడున్నాయి. యజమాని అరవబోయాడు. కానీ అరవడానికి లేదు, పెద్దక్క పెదవుల మీద వేలు పెట్టి నుంచుంది. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు.

భార్య గుమ్మంలో అడుగుపెట్టి చూసింది ఇదే. తలలు దించుకున్న మనుషులు. మధ్యలో వెల్లకిలా, గుండెల మీద చేతులతో, మెడదాకా తెల్లగా కప్పి ఉన్న ఆయన. ఆయన పోయారనే అనుకుంది ఆవిడ. దూదిలోనే నడుచుకుంటూ వెళ్ళి పక్కన కూలబడింది.

"అన్నీ నేను చూసుకుంటున్నాను కదండీ," అంది. "నామీద నమ్మకం లేకపోయిందా?"

ఈ మనిషి లేకపోతే తను ఎలా అన్న భయం, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడకి వేసింది.

అప్పుడు ఒకవేళగారు గుర్రు పెట్టారు.

షెడ్డంతా ఆ గుర్రు విన్నది. పెద్దక్క కత్తెర మెల్లగా వీపు వెనక్కి పెట్టుకుంది. భార్య ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో ఆయన భుజం పట్టి కుదిపింది. ఆయన లేచి కూర్చుని, దూది ఊదుకుంటూ చుట్టూ చూశారు. యజమాని మొహం చూడగానే బేరం గుర్తొచ్చింది. ఏదో ఒకటి నచ్చజెప్పి బయటపడవచ్చు. కానీ అబద్ధం ఆడటం ఆయన వీపుకి చేతకాదు.

"సార్, ఈ పరుపు పంపకూడదండి. ఎడమ భుజం కింద ఉండ ఉంది."

యజమాని నీరుగారిపోయాడు. హోటలాయన మాత్రం ముందుకు వచ్చాడు. ఆయన కళ్ళ కింద నల్లటి చారలున్నాయి.

"ఉండ మీద పడుకుని అంత నిద్ర ఎలా పోయారు?"

"బుర్రలో ఏమీ లేదండి. అంతా మా ఆవిడకిచ్చి వచ్చాను."

హోటలాయన ఆవిడ వైపు తిరిగాడు. "నెలైందమ్మా నేను నిద్రపోయి. నీ దగ్గర ఇంకా చోటుందా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కాదనలేకపోయింది. "చెప్పండి బాబాయిగారూ."

ఆయన అదే పరుపు మీద పడుకుని చెప్పాడు. పై అంతస్తు కప్పు కారుతోంది. వంటాయన మానేస్తానంటున్నాడు. ఆవిడ ఒక్కొక్కదానికీ "నాదేనండి, మీరు వదిలెయ్యండి," అంటూ వచ్చింది. మూడోది సగంలో ఉండగా ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. కట్టడి ప్రకారం మళ్ళీ అందరూ నోరు మూసుకున్నారు. నాలుగింటికి లేచి, మూడు వందలకీ సంతకం పెట్టాడు. నలభై మళ్ళీ కుట్టడానికి గడువూ ఇచ్చాడు. ఉండ ఉన్నది మాత్రం బాగుచెయ్యకుండా తన గదికే పంపమన్నాడు.

ఆరింటికి మొగుడూ పెళ్ళాలు ఇంటిదారి పట్టారు. "టైమైంది, ఇదుగో మీవి మీకు," అంది ఆవిడ. ఆయన ఆవిడ మొహంలోకి చూశారు. నుదుటి మీద రెండు మడతలు, అచ్చం తనవే. ఆయనకి సిగ్గేసింది.

"ఒక్క పూటకే ఇలా అయిపోయావు. సగం నీ దగ్గర ఉంచుతావా, లేక అంతా ఇచ్చేస్తావా?"

"ఇరవై రెండేళ్ళు ఒక్కరే మోశారా ఇదంతా?" అంది ఆవిడ. "మా చెల్లెలి మోకాలు నాకుంచండి. గ్యాస్ మీరు తీసుకోండి."

"నా మోకాలు?"

"అదీ నాకే."

అలా పంచుకుంటూ, చేతులు పట్టుకుని, చాలా నెమ్మదిగా నడిచారు. హోటలు పైకప్పు ఎవరి వాటాకూ రాలేదు, అటు హోటలాయన కూడా హాయిగా నిద్రపోతూ దాన్ని మరిచిపోయాడు. మొదటి వానకే పై అంతస్తులో డెబ్భై పరుపులు తడిసి ముద్దయ్యాయి, మర్నాడు పొద్దున్నే ఇంకో డెబ్భైకి ఆర్డరు వచ్చింది.