తల తర్వాత పెట్టబడును

"నాగరికత విషయంల మన పంచాయతీ సమితి రోము పట్నానికి ఇసుమంత గూడ తగ్గొద్దు!" అని ప్రెసిడెంటు కాటమయ్య సాబ్ ప్రకటించిండు. రోము ఎక్కడుంటదని అడిగే ధైర్యం మీటింగుల ఎవ్వరికీ లేకపాయె. అందరు చప్పట్లు కొట్టిన్రు. బీడీవో అందరికన్న ఆలస్యంగ మొదలుపెట్టి, అందరికన్న ఆలస్యంగ ఆపిండు.

సాబ్ నోట గంత మాట పలికిచ్చింది బీరప్ప. గొర్లు గాసే గుర్వమ్మ కొడుకు. హైదరాబాదు యూనివర్సిటీల ప్రాచీన గ్రీకు రోమన్ కళలు సదివి ఎమ్మే అయిండు. ఆయనకు చెప్పిన ప్రొఫెసరు గ్రీసు చూడలే. ఆ ప్రొఫెసరుకు చెప్పిన ప్రొఫెసరూ చూడలే. అందరు కలిసి ఒక్క పుస్తకంల బొమ్మలే చూసిన్రు. గందుకే ఆ సబ్జెక్టుల ఎవ్వరికీ అనుమానాలు లేకుండె.

ఊర్లె మాత్రం, పట్నంల అన్నేండ్లు సదివిండంటే గొర్ల డాక్టరే అనుకున్నరు. బస్సు దిగిన నాడే ఒక కుంటి గొర్రెను తోలుకొచ్చిన్రు.

"నేను డాక్టర్ను గాదే అమ్మా. విగ్రహాలు సదివిన."

"ఏ దేవునియి రా?" అన్నది గుర్వమ్మ.

"వాళ్ల దేవుండ్లయి, మొనగాండ్లయి. ఒంటి మీద బట్టలుండవు."

"గుట్టెనక మన పోరగాండ్లు ఈతకు దిగితే గట్లనే ఉంటరు. దానికి పట్నం పోవాల్నా బిడ్డా?"

ఎమ్మేకు సరిపోయే నౌకరీ జిల్లాల ఏడ లేదు. ఇస్త్రీ ప్యాంటేసుకొని బీరప్ప కాటమయ్య సాబ్ కచేరీకి పోయిండు.

"రోముల రాజులు ఊరూరికి తమ విగ్రహం నిలబెట్టుకునేటోళ్లు సాబ్."

సాబ్ కుర్చీల సదురుకున్నడు. "సచ్చినంకనా, బతికుండంగనా?"

"బతికుండంగనే సాబ్."

"సదువంటే గిదిరా! గని నాకు ధోతి ఉండాలె. బట్టల్లేకుంట నిలబెడితే మా ఆమె ఇంట్లకు రానియ్యదు."

"రోమోళ్లది గూడ ధోతి లెక్కనే సాబ్. భుజం మీది దాక కడ్తరు."

"అయితే మనోళ్లే!"

అట్ల మాట కుదిరింది. విగ్రహం లేస్తే బీరప్ప సమితి శిల్పకళాధికారి. మంత్రిగారొచ్చి ముసుగు తాడు గుంజిన నాడే ఆర్డరు మీద ప్రెసిడెంటు సంతకం.

యాదగిరిగుట్ట నుంచి శిల్పి మల్లప్పను పిలిపిచ్చిన్రు. "పొట్ట యాడి దాక తియ్యాలె?" అని అడిగిండాయన.

"పొట్ట ఉండొద్దు. రోమోళ్లకు ఛాతే."

"గట్లనా? ఆయనను గుర్తుపట్టుడెట్ల మరి?"

మొండెం తయారైంది. పైల్వాన్ ఛాతీ, భుజం మీద ధోతి. సాబ్ అద్దంల తనను తాను చూసుకొని, తప్పు అద్దానిదే అన్నడు.

గప్పుడే వైస్ ప్రెసిడెంటు మారయ్య అవిశ్వాస తీర్మానం తెచ్చిండు. ఓటింగు సరిగ్గ మంత్రిగారు వచ్చే పొద్దుననే. బీరప్ప లెక్కేసుకున్నడు. కాటమయ్య తల పెట్టి, మారయ్య గెలిస్తే? నౌకరీ మన్నే!

పాత పుస్తకం తెరిచిండు. రోముల రాజు దిగిపోతే మొండెం గట్లనే ఉంచి, తల ఒక్కటే మార్చేటోళ్లట. మెడల గుంత చేసి పెడితే ఏ తలైనా కూసుంటది. ఎమ్మే బతుకుల పనికొచ్చుడు గదే మొదలు.

"మల్లప్పా, తలకాయలు రెండు చెక్కు. కాటమయ్యది, మారయ్యది. ఓట్లు తేలినంక ఏదో ఒకటి పెడుదం."

ఓట్లు తేలలే. లోపట "నేను గెలిసిన" అంటే "నేను గెలిసిన" అని లొల్లి నడుస్తనే ఉన్నది, మంత్రిగారి జీపు వచ్చి ఆగింది. ఎవరికి వాళ్లు దండలేసుకొని ఇద్దరూ ఉరికొచ్చిన్రు. మంత్రిగారు తాడు గుంజిన్రు.

ఛాతీ ఉన్నది. ధోతి ఉన్నది. మెడ మీద మబ్బులున్నయి.

మంత్రిగారు దండ వేసిన్రు. అడ్డమేం లేకపాయె, అల్కగ దిగింది.

"ఎవరిదయ్యా విగ్రహం?"

"నాదే సార్!" అన్నరు ఇద్దరు ఒక్కపారే.

మంత్రిగారు కాటమయ్యను చూసిన్రు. మారయ్యను చూసిన్రు. విగ్రహాన్ని ఇంకోపారి చూసిన్రు.

"అచ్చు గుద్దినట్టుంది," అన్నరు.

అందరు చప్పట్లు కొట్టిన్రు. మంత్రిగారు బీరప్పను పక్కకు పిలిచిన్రు.

"తల సంగతేమిటి?"

"రోముల తల తర్వాతనే పెడ్తరు సార్."

"మంత్రులకు కూడా పెట్టేవారా?"

"బ్రహ్మాండంగ సార్."

"అయితే నాదీ ఒకటి చెక్కించి ఉంచు. ఎప్పుడే అవసరం వస్తుందో." ఆర్డరు మీద ఆయనే సంతకం చేసిన్రు. విగ్రహం కింద 'తల తర్వాత పెట్టబడును' అని బోర్డు పెట్టిన్రు. చెక్కిన తలలను భద్రపరిచే బాధ్యత శిల్పకళాధికారిదని ఆర్డర్లనే ఉండె. రెండూ బండెక్కి బీరప్ప ఇంటికొచ్చినయి.

కొత్త నౌకరీ మొదటి దినం అయిపోయి బీరప్ప ఇంటికొచ్చేసరికి వాకిట్ల పొగ లేస్తాంది. కాటమయ్య ఒక పక్క, మారయ్య ఒక పక్క. నడుమ మంట. పైన జొన్నగటుక కుండ.

"అమ్మా! గవి సర్కారు తలకాయలే!"

గుర్వమ్మ ఒక చేత్తోని కుండ పట్టుకొని, ఇంకో చేత్తోని కట్టె ఎగదోసింది.

"రాయి మంచిదే బిడ్డా, మంటకు పగులుత లేదు. గని రెండిటి మీద కుండ ఒరుగుతాంది. నువ్వు జెప్పిన మంత్రిది ఎన్నడు దెస్తవు?"