పిలవగానే వచ్చిన పెదనాన్న

ఆదివారం పొద్దున్నే వీరాంజనేయులు ఇంట్లో అందరికీ ఒకే ఒక్క పని అప్పజెప్పాడు. ఇంటి ఓనరు వచ్చి వెళ్ళేదాకా ఎవరూ గొంతు పెంచకూడదు. ఆ ఇంట్లో గొంతు పెంచేది ఆయన ఒక్కడే కాబట్టి, ఆ పని ఎవరు చేయాలో భార్య కృష్ణకుమారికి తెలుసు. ఆమె ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది.

ఓనరు అబ్దుల్ రెహమాన్ ఉండేది కంభంలో. మార్కాపురంలోని ఈ ఇంటికి ఎప్పుడో గానీ రాడు, వచ్చినా గోడ మీద మేకు గురించి కూడా అడగడు. అలాంటి మనిషికి కిందటి వారం పక్కింటి మస్తానమ్మ ఫోన్ చేసింది. “భాయ్, మీ ఇంట్లో తెల్లారితే చాలు, గాడిదా గాడిదా అని ఒకటే గోల. తలుపులేసుకున్నా వినపడతాంది” అని మొరపెట్టుకుంది. సిగ్నలు సరిగా లేదో, ఆయన చెవులే సరిగా లేవో గానీ, అందులో రెహమాన్‌కు గాడిద ఒక్కటే అర్థమైంది. కొత్తగా టైల్సు వేయించిన ఇంట్లో గాడిదను కట్టేశారనుకుని ఆయనకు ప్రాణం ఉసూరుమంది. వెంటనే వీరాంజనేయులుకు ఫోన్ చేసి, “ఆదివారం వచ్చి చూస్తా. గాడిద కనపడిందంటే ఇల్లు ఖాళీ చేయాల, అంతే” అన్నాడు.

నిజానికి వీరాంజనేయులు చెడ్డవాడేమీ కాదు. తన స్టీలు సామాన్ల దుకాణానికి పసిపిల్లను పంపినా సరైన ధరే చెబుతాడు. కానీ ఇంట్లో కుళాయి రాకపోతే గాడిద అంటాడు, మిక్సీ తిరగకపోతే గాడిద అంటాడు. ఇక ఇరవయ్యారేళ్ళ కొడుకు నరేంద్రను వేరే పేరుతో పిలవగా విన్నవాళ్ళు ఆ సందులో ఎవరూ లేరు.

“మన ఇంట్లో గాడిదా! వచ్చి కండ్లారా చూసుకోమను. మూలమూలా చూపిస్తా,” అన్నాడు వీరాంజనేయులు.

“చూపిద్దురుగానీ, మెల్లగా మాట్లాడండి,” అంది కృష్ణకుమారి. ఆమె భయం ఆమెది. వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆ సందులో ఆడవాళ్ళందరూ అలవాటు పడ్డ వరండా అది. ఇల్లు మారితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఎనిమిదయినా మిద్దె మీద పడుకున్న నరేంద్ర లేవలేదు. వీరాంజనేయులు గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. మెట్ల కింద బకెట్ మోగించాడు. మిద్దె మీద చలనం లేదు. ఆయన పెట్టుకున్న కట్టుబాటు అంతటితో అయిపోయింది.

“ఒరేయ్ గాడిదా! ఎండ నెత్తిమీదికి వచ్చినా పడుకుంటావా? లోపలికి రా! ఉప్మా తిని చావు!”

“వస్తున్నా నాయనా,” అని వినయంగా జవాబు వచ్చింది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది. నిద్రమత్తు అనుకుని వీరాంజనేయులు లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

కృష్ణకుమారి ఒక చేత్తో ఉప్మా ప్లేటు, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి కొత్త టైల్సు మీద ఒక గాడిద నిలబడి ఉంది. బూడిద రంగు, బక్కపలచన, వీపు మీద రెండు చోట్ల వెంట్రుకలు రాలిపోయి ఉన్నాయి.

“కాళ్ళు కడుక్కోను చెంబెడు నీళ్ళిస్తావామ్మా?” అంది గాడిద. “నేల శానా బాగుంది. మరకలైతాయేమోనని భయంగా ఉంది.”

కృష్ణకుమారి చేతిలోని గరిటె కింద పడింది. వీరాంజనేయులు లేచి నిలబడ్డాడు. “ఎవరు నువ్వు?” అని అడిగాడు. ఎదురుగా కనిపిస్తున్నదాన్ని అలా అడిగినందుకు ఆయనకే సిగ్గేసింది.

“గాడిదను నాయనా. నువ్వు పిలిచినావు గదా, లోపలికి రా, ఉప్మా తిను అని.”

“నేను పిలిచింది మా వాణ్ణి!”

“మీ వాడూ గాడిదేనా?” అని అది సంతోషంగా చుట్టూ చూసింది. “యాడున్నాడు?”

వీరాంజనేయులు మిద్దె వైపు చెయ్యి చూపించాడు. గాడిద తన సంగతి తనే చెప్పుకుంది. బేస్తవారిపేట దగ్గర ఒక ఇటుకబట్టీలో చిన్నప్పటి నుంచీ మోసింది. బట్టీకి ట్రాక్టరు వచ్చాక, ఇక పొమ్మన్నారు. దారి పొడుగునా పల్లెల్లో చోటు అడిగితే మాకే చాలడం లేదన్నారు. టౌన్లో అయితే ఇళ్ళు పెద్దవి కదా అని మార్కాపురం వచ్చింది. బస్టాండు వెనక పడుకుంటోంది.

“మరి మాటలెట్ల వచ్చినాయి?” అంది కృష్ణకుమారి, ఇంకా తేరుకోకుండానే.

“బట్టీలో పొద్దస్తమానం తిట్లు వినీ వినీ వచ్చినాయమ్మా. తిట్లు ఆడనే వదిలిపెట్టినా. మిగతా మాటలు తెచ్చుకున్నా.”

కృష్ణకుమారి ఇంకేమీ అడగలేదు. చేతిలోని ప్లేటు దాని ముందు పెట్టింది.

“తినేదాకా ఉండనీ, తర్వాత మెల్లగా పంపించు. సాహెబు మధ్యాహ్నానికి గానీ రాడు,” అన్నాడు వీరాంజనేయులు చెమట తుడుచుకుంటూ.

గేటు చప్పుడైంది. “ఆంజనేయులు భాయ్, ఉన్నారా?”

మొదటి బస్సుకే బయలుదేరినట్టున్నాడు రెహమాన్. చేతిలో అరటిపండ్ల సంచి ఉంది. సరిగ్గా అప్పుడే నరేంద్ర బ్రష్షు నోట్లో పెట్టుకుని లోపలికి వచ్చాడు. గాడిదను చూశాడు. ఇంకా కల వస్తోందనుకుని మళ్ళీ మిద్దెక్కబోయాడు. తండ్రి చొక్కా పట్టుకుని ఆపాడు. ఇద్దరూ కలిసి గాడిదను మధ్యగదిలోకి తోశారు. ఆ గది తలుపు చెదలు పట్టిందని కిందటేడు తీసేశారు. ఉన్నది పూల తెర ఒక్కటే. కృష్ణకుమారి గాడిద మీద దుప్పటి కప్పి, తలకు ఉన్నిటోపీ తొడిగి, “చప్పుడు చేయొద్దు నాయనా, నీకు పుణ్యముంటది” అని బతిమాలి బయటికి వచ్చింది.

రెహమాన్ వంటిల్లు చూశాడు. పెరడు చూశాడు. మిద్దెక్కి దిగాడు. కుట్టుమిషను కింద కూడా వంగి చూశాడు.

“గాడిద ఉందని చెప్పినారే?”

“చెన్నకేశవుని మీద ఒట్టు సాహెబ్, నిన్నటిదాకా ఈ ఇంట్లోకి ఏ గాడిదా రాలేదు,” అన్నాడు వీరాంజనేయులు. నిన్నటిదాకా అన్న మాటను రెహమాన్ పట్టించుకోలేదు. ఆయన ముఖం తేటపడింది. కుర్చీలో కూర్చుని టీ గ్లాసు అందుకున్నాడు. ఇంకో రెండు గుక్కలు తాగితే గండం గడిచేదే.

తెర వెనక నుంచి గట్టిగా ఒక దగ్గు వినిపించింది.

“ఎవరు లోపల?”

“మా పెదనాన్న!” అన్నాడు నరేంద్ర. నోట్లో బ్రష్షు ఉండటం వల్ల ఆలోచించే వ్యవధి దొరకలేదు. “కాశయ్య పెదనాన్న. ఊర్నుంచి వచ్చినాడు.”

“అరే, పెద్దాయన ఉన్నాడని చెప్పరేం? సలాం చెప్పి పోతా,” అని రెహమాన్ లేచాడు.

“వద్దు సాహెబ్! ఒళ్ళు బాగలేదు. అంటుకునే దగ్గు,” అని కృష్ణకుమారి అడ్డు నిలబడింది.

రెహమాన్ ఒక అడుగు వెనక్కి వేశాడు గానీ మర్యాద వదులుకోలేదు. తెర ముందుకే కుర్చీ జరుపుకుని, “కాశయ్య గారూ, బాగున్నారా?” అని పలకరించాడు.

గాడిదకు అబద్ధం చేతగాదు. “నాకు ఆ పేరుందని ఇప్పుడే తెలిసింది సాహెబ్,” అంది.

“పేరు కూడా మర్చిపోయినాడు, పాపం,” అని రెహమాన్ నిట్టూర్చాడు. “ఎన్నాళ్ళుంటారు తమ్ముడి ఇంట్లో?”

“ఉండమంటే ఉంటా. ఒక మూల చాలని అడుగుతున్నా. తిన్నాక పంపించమన్నాడు.”

రెహమాన్ వెనక్కి తిరిగి వీరాంజనేయులును చూశాడు. వీరాంజనేయులు ఫ్యాన్ వైపు చూశాడు.

“ఇంతకు ముందు ఏం పని చేసేవారు?”

“మోసేవాణ్ణి సాహెబ్. ఇటుకలు, ఇసుక. ఊహ తెలిసినప్పటి నుంచి మోసినా. ట్రాక్టరు వచ్చినాంక, నువ్వెందుకు పో అన్నారు.”

“తౌబా తౌబా! పడుకునేది యాడ?”

“బస్టాండు ఎనక.”

“తిండి?”

“దొరికితే గడ్డి, లేకుంటే కాగితాలు.”

రెహమాన్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన సంచిలోని అరటిపండ్ల హస్తం తీసి, చెయ్యి మాత్రం తెర సందులోంచి లోపలికి చాపాడు. మరుక్షణం చెయ్యి ఖాళీ అయింది. లోపల నమిలే చప్పుడు వినిపించింది. తొక్కలు పారేసిన చప్పుడు మాత్రం ఎంతకీ వినిపించలేదు.

“తొక్కతో సహా తింటున్నాడు!” అన్నాడు రెహమాన్. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆంజనేయులూ, సొంత అన్న బస్టాండులో కాగితాలు తింటా ఉంటే నువ్విక్కడ ఉప్మా తింటున్నావా?”

గేటు అవతల నిలబడి వింటున్న మస్తానమ్మ ఇక ఆగలేకపోయింది. “నాకు అనుమానమే భాయ్! ఈయన నోరు మంచిది గాదు, మనసైనా మంచిదనుకున్నా. ఏం కృష్ణక్కా, నువ్వైనా చెప్పకూడదా?” అంటూ లోపలికి వచ్చేసింది. ఆమె గొంతుకు సందులోని మరో నలుగురు ఆడవాళ్ళు వరండాలోకి వచ్చారు. ఒకావిడ ఇంకా కుట్టని జాకెట్టు గుడ్డను వెనక్కి ఇచ్చెయ్యమంది. వీరాంజనేయులు నోరు తెరిచాడు. ఏం చెప్పినా ఇల్లు పోతుందని మూసుకున్నాడు. చెప్పకపోతే పరువు పోతుందని మళ్ళీ తెరిచాడు.

రెహమాన్ లేచి నిలబడ్డాడు. “అందరూ వినండి. నేను జుబాన్ ఇస్తున్నా. ఈ పెద్దాయన ఈ ఇంట్లో ఉంటేనే మీరుంటారు. ఈయన గడప దాటిన రోజు మీరూ దాటాల. నా మాట మళ్ళా మారదు.”

“అట్ల చెప్పు భాయ్!” అంది మస్తానమ్మ. “ముందు ఆయన్ని బయట కూర్చోబెట్టి నాలుగు ముద్దలు అన్నం పెడదాం.” ఎవరూ ఆపేలోపే ఆమె తెర లాగేసింది.

మంచం పక్కన, దుప్పటి కప్పుకుని, ఉన్నిటోపీలోంచి ఒక చెవి బయటికి వేలాడుతుండగా, గాడిద చివరి అరటిపండు నములుతోంది. అందరినీ చూసి తల వంచి నమస్కారంలాంటిది చేసింది.

రెహమాన్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఈయనేనా కాశయ్య?”

“పొద్దున పెట్టిన పేరే సాహెబ్,” అంది గాడిద.

“ఆంజనేయులూ! నాకు అబద్ధం చెప్తావా?” రెహమాన్ గొంతు మొదటిసారి పెరిగింది. వీరాంజనేయులు తల దించుకున్నాడు. కృష్ణకుమారి కళ్ళు కుట్టుమిషను మీదికి పోయాయి.

అప్పుడు గాడిద ముందుకు వచ్చి, టైల్సు మీద జారకుండా జాగ్రత్తగా నిలబడింది. “ఆయన్ని అనొద్దు సాహెబ్. నన్ను తరిమింది బట్టీవాళ్ళు, ఈయన కాదు. ఈయన కొడుకును పిలవబోయి నన్ను పిలిచినాడు. ఎట్ల పిలిస్తేనేం? లోపలికి రా, తిను అన్నాడు. ఇన్నేండ్లలో గాడిదను పిలిచి తినమన్న మనిషిని నేను చూడలేదు. ఆ యమ్మ ప్లేటులో పెట్టింది. నాకు అది చాలు. పోతా.”

మస్తానమ్మ తల కొట్టుకుంది. “అయ్యో భాయ్, నేను ఫోన్లో చెప్పింది ఈయన కొడుకును గాడిదా గాడిదా అని అరిచే సంగతి! నిజం గాడిద ఉందని ఎవరన్నారు?”

రెహమాన్ ఆమెను చూశాడు, వీరాంజనేయులును చూశాడు, బ్రష్షుతో నిలబడ్డ నరేంద్రను చూశాడు. “అంటే ఇన్నాళ్ళూ లేని గాడిద, నేను చూడబోయిన రోజే వచ్చిందా?” అని మెల్లగా అడిగాడు. తర్వాత ఆయన పొట్ట కదిలింది. కుర్చీలో కూలబడి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. వరండాలోని ఆడవాళ్ళు కూడా నవ్వారు. జాకెట్టు గుడ్డ అడిగినావిడ దాన్ని మళ్ళీ మిషను మీద పెట్టేసింది.

“మరి నేను పోతా సాహెబ్,” అని గాడిద తలుపు వైపు తిరిగింది.

రెహమాన్ నవ్వు ఆపాడు. “పోతే ఎట్ల? నేను జుబాన్ ఇచ్చినా. నువ్వు గడప దాటితే వీళ్ళూ దాటాల. అందరూ విన్నారు.”

వీరాంజనేయులు ఒక్క అంగలో గడపకు అడ్డంగా నిలబడ్డాడు. “పోవద్దు అన్నా! నీ కాళ్ళకు దండం పెడతా. మధ్యగది నీదే. ఫ్యాన్ కూడా ఉంది.”

గాడిద ఆలోచించింది. “ఉండేదానికి నాకూ ఇష్టమే నాయనా. ఒకటే ఇబ్బంది. నువ్వు దినానికి ఎన్నోసార్లు పిలుస్తావంట. పిలిచినప్పుడల్లా లేచి రావాలంటే నా మోకాళ్ళు ఓర్చుకోవు. నీ కొడుకును వాని పేరుతో పిలువు. గాడిదా అని నన్నొక్కణ్ణే పిలువు.”

వీరాంజనేయులు కొడుకు వైపు తిరిగాడు. మాట ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు కాసేపు పెదవులు కదిపాడు. “నరేంద్రా,” అన్నాడు చివరికి. “పెదనాన్నకు బకెట్టుతో నీళ్ళు తెచ్చిపెట్టు.”

నరేంద్ర కదల్లేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, బ్రష్షు నోట్లోంచి తీసి, “తెస్తున్నా నాయనా” అని బకెట్టు కోసం పరుగెత్తాడు.

ఆ రోజు రెహమాన్ అక్కడే భోంచేసి సాయంత్రం బస్సుకు కంభం వెళ్ళాడు. ఇప్పుడు తరచుగా ఫోన్ చేస్తున్నాడు. “కాశయ్యకు ఇవ్వండి” అంటాడు. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకుంటారు. మధ్యగదికి కొత్త తలుపు కూడా పెట్టించాడు. ఇంట్లో మిగతావాళ్ళు ఎలా ఉన్నారో మాత్రం ఆయన ఇంతవరకూ అడగలేదు.