అడవి పట్టిన పెళ్లివారు

ఆ ఉదయం దర్శకుడు బోహుష్ వేసుకున్న పథకం సాదాసీదాదే. పెళ్లివిందు దృశ్యం పొద్దున్నే మొదలుపెట్టి, చీకటి పడేలోగా ముగిస్తే సినిమా పూర్తవుతుంది. కాకపోతే సర్కారు ఫిల్ము కార్యాలయం నుంచి కామ్రేడ్ ప్రొకోప్ వస్తున్నాడు. బోహుష్ కిందటి హాస్యచిత్రాన్ని చూసి, ఒక్కసారైనా నవ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేయించిన పెద్దమనిషి ఆయనే. ఈ సాయంత్రానికి విందు పూర్తికాకపోతే దీన్నీ ఆపేస్తానని ముందే చెప్పాడు. ఇదీ పోతే తనకిక కెమెరా ఇచ్చేవాళ్లుండరని బోహుష్‌కు తెలుసు.

రాత్రంతా వాన కురిసి, తెల్లారేసరికి ఎండ కాసింది. వెలుతురు బాగుందని బోహుష్ సంబరపడ్డాడు. వాన వెనక ఎండ కాస్తే ఊరివాళ్లకు ఏం గుర్తొస్తుందో ఆ మహానుభావుడికి తట్టలేదు.

ఆరుబయట బల్లలు వేసి ఉన్నాయి. పెళ్లివారుగా నటించాల్సిన ఊరి జనం మాత్రం లేరు.

"ఏరీ వీళ్లంతా?"

"అడవిలో పుట్టగొడుగులు విరగబడి లేచాయటండీ," అంది సహాయకురాలు మిలాడా. "ఇప్పుడే వెళ్లి పట్టుకొస్తా."

వెళ్లిన మిలాడా తిరిగి రాలేదు. ఆమె కోసం పెళ్లికూతురు వేషంలో ఉన్న లిబుషెను పంపాడు. లిబుషె బుట్టలోని రొట్టెలు బల్ల మీద కుమ్మరించి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని మరీ వెళ్లింది. అప్పుడైనా అనుమానం రావాల్సింది. చివరికి మిగిలిన కెమెరామన్ ఎవ్జెన్ గొంతు సవరించుకున్నాడు.

"నేను చూసొస్తానురా."

"కదిలావంటే కాళ్లు విరగ్గొడతా."

"చూసొస్తానంతే. ఒట్టు, వంగను."

ఎవ్జెన్ ఒట్టు పెట్టుకుని, జేబులో చాకు ఉందో లేదో తడిమి చూసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నల్లకారు వచ్చి ఆగింది. ప్రొకోప్ దిగి ఖాళీ బల్లలనూ, వాటి మధ్య తల పట్టుకుని కూర్చున్న దర్శకుణ్ణీ చూశాడు.

"సమ్మె చేయించావా?"

బోహుష్ దిగ్గున లేచాడు. సినిమా సంగతి దేవుడెరుగు, ఆ మాట పైకి పాకితే ఊరంతా చిక్కుల్లో పడుతుంది.

"సమ్మె కాదు కామ్రేడ్. పుట్టగొడుగులు."

"నా దగ్గరా నీ హాస్యాలు?"

బోహుష్ బల్లగుడ్డ ఎత్తాడు. ఎవరో తొలి విడత తెచ్చి దాచుకున్న గంప అక్కడుంది. బొద్దు కాడలు, అరచేయంత గొడుగులు, ఒక్కదానికీ పురుగు లేదు. ప్రొకోప్ వంగి ఒకదాన్ని తీసి వాసన చూశాడు.

"ఏ వైపు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరూ చెప్పలేదండీ."

"చెప్పరులే, దొరికే చోటు ఎవరు మాత్రం చెబుతారు," అని నిట్టూర్చి, తోలుసంచీలోని కాగితాలన్నీ బల్ల మీద కుమ్మరించి, ఖాళీ సంచీతో అడవిలోకి నడిచాడు.

పొద్దు వాలుతుండగా అందరూ బుద్ధిమంతుల్లా తిరిగొచ్చారు. పొయ్యిలు రాజుకున్నాయి. వెన్నలో ఉల్లిపాయలు, షాజీరా చిటపటలాడాయి, వాటిమీద పుట్టగొడుగులు, గుడ్లు పడ్డాయి. ప్రొకోప్ ప్యాంటు మోకాళ్ల దాకా బురద, సంచీ నిండా పుట్టగొడుగులు. పెళ్లికూతురి పక్కన కూర్చుని రెండు పళ్లేలు లాగించాడు. పెళ్లి బ్యాండు మోతలో ఎవ్జెన్ తిప్పుతున్న కెమెరా చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఇన్ని వారాలుగా ఎంత బతిమాలినా కొయ్యబారి కూర్చున్న జనం ఇప్పుడు నిజంగా తింటున్నారు, నిజంగా నవ్వుతున్నారు. బోహుష్‌కు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో ప్రొకోప్ గ్లాసెత్తి, వధూవరులు కలకాలం చల్లగా ఉండాలని దీవించి, కళ్లు తుడుచుకున్నాడు.

నెల తరువాత ఆ దృశ్యం చూసి కార్యాలయం పెద్దలంతా ప్రొకోప్ వైపు తిరిగారు.

"దీన్నీ ఆపేద్దామంటావా?"

"ఎందుకాపడం?" అన్నాడు ప్రొకోప్ మొహం గంటు పెట్టుకుని. "నేను బాగానే నటించాను కదా."

సినిమా విడుదలై హాళ్లు నిండాయి, ఇద్దరికీ స్నేహమూ కుదిరింది. అయితే ఆ సంచెడు పుట్టగొడుగులు అడవిలో ఏ వైపు దొరికాయో ప్రొకోప్ ఇప్పటికీ బోహుష్‌కు చెప్పలేదు.