ఖాళీ కలుగుకు ఐదు కడవలు

ఒక పెద్ద అడవిలో నీళ్ళ శాఖకు లెక్కల అధికారిని నేనే. గాడిదను. నన్ను నేను తిట్టుకోవడం కాదు, పుట్టుకే అది. పేరు లంబకర్ణం.

ఆ ఏడు వానల్లేవు. మిగిలింది ఒక్క చెలమ. కుటుంబానికో కార్డు, రోజూ తలకి రెండు కడవలు. ఆఫీసు ముందు ఇసుకలో గళ్ళు గీశాను. అడ్డంగా తలలు, నిలువుగా కడవలు. ఒకరికి రెండు, ఐదుగురికి పది, పదిమందికి ఇరవై. చుక్కలు కలిపితే గీత మూలనున్న సున్నా నుంచి తిన్నగా పైకి పోయింది. అందరిదీ ఒకే నిష్పత్తి అని ఎవరికైనా తెలిసిపోయేది.

ఒకరోజు సింహం గారు పిలిచారు. ఆయన కార్డులో ఆయనొక్కరే.

"ఏమోయ్ లంబకర్ణం, రెండు కడవలు నాకే మూలకి? ఆరు కావాలి. చూసేవాళ్ళకి న్యాయంగానూ ఉండాలి."

"చిత్తం" అన్నాను. నాకు బుర్ర లేకపోయినా తోక ఊపడం బాగా వచ్చు.

కొత్త పట్టిక వేశాను. ఒకరికి ఆరు, ఆపైన పెరిగే ప్రతి తలకీ ఒక్కో కడవ. ఐదుగురికి పదే, మారలేదు. పదిమందికి మాత్రం పదిహేను. చుక్కలు కలిపితే గీత ఎంత తిన్నగా వచ్చిందో. "వంకర లేదు కనుక వాటాలు సమానమే" అని బోర్డు రాయించాను. సింహం గారు వీపు తట్టారు. ఆ సంతోషానికి నాకు గడ్డి కూడా సయించలేదు.

మర్నాడు కుందేలు బుల్లెమ్మ వచ్చింది. తనూ, మొగుడూ, ఎనిమిదిమంది పిల్లలూ.

"అయ్యా, ఐదు కడవలు కోసేశారు. మా చిన్నదానికి గొంతెండిపోయి ఏడుపు కూడా రావడం లేదు."

"గీత చూడమ్మా. తిన్నగా లేదూ?"

ఆమె వంగి, ముందరి కాలితో నా గీతను వెనక్కి పొడిగించింది. అది సున్నా మూలకి పోలేదు. తలలు సున్నా ఉన్నచోట, ఐదు కడవల దగ్గర ఆగింది.

"ఎవరూ లేని కలుగుకి ఐదు కడవలా అయ్యా?"

తప్పని తెలిసింది. కానీ అధికారిని కదా, "రూలు ప్రకారం అంతే" అన్నాను.

"అయితే మా కార్డు విడగొట్టండి."

పదిమందికీ పది కార్డులు, కార్డుకి ఆరేసి, మొత్తం అరవై కడవలు. రూలు నాదే, కాదనలేకపోయాను.

వార్త పాకింది. ఏనాడూ మాటామాటా అనుకోని అడవిపంది దంపతులు వేరు కాపురమని వచ్చి నిలబడ్డారు. నక్క పన్నెండు ఖాళీ కలుగులు రాయించుకుంది. ముద్రలు గుద్దీ గుద్దీ నా గిట్ట అరిగింది. మధ్యాహ్నానికి చెలమలో ఇసుకే మిగిలింది.

కునుకు తీసి సింహం గారు వచ్చారు. "నా ఆరేవీ?"

"గీత మాత్రం తిన్నగానే ఉంది ప్రభూ."

ఆయన తడి ఇసుక నాకి చూశారు. తల దించుకుని బుల్లెమ్మ కలుగుకి నడిచారు. వెనకాలే నేను. ఆమె రెండు కడవలు తెచ్చి ముందు పెట్టింది.

"రెండేనా?" అన్నారాయన.

"తలకి రెండు ప్రభూ. మీది ఒక్క తలే కదా."

నా ముందూ రెండు పెట్టింది. తాగినంతసేపూ సిగ్గుతో తలెత్తలేకపోయాను.

సాయంత్రానికి పాత పద్ధతే వచ్చింది. తప్పు నాదంటే ఆరు కడవల కోరిక ఎవరిదని అందరూ అడుగుతారు గనుక, సింహం గారు నన్ను ముఖ్య లెక్కల అధికారిని చేశారు.

నీతి: లెక్క తప్పినా ఫరవాలేదు, గీత తిన్నగా గీస్తే ప్రమోషన్ వస్తుంది.