గాలాడని గొట్టం

“ఈ లిపా ఊళ్ళో నా కన్నుగప్పే నేరస్థుడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాణ్ణి ఉయ్యాల్లోనే అనుమానిస్తాను,” అన్నాడు కాన్రాడో. ఏళ్ళ తరబడి మాల్ గుమ్మంలో జనం సంచుల్ని పుల్లతో కెలికి రిటైరైన గార్డు ఆయన. గార్డు ఉద్యోగం పోయినా ఆ పుల్ల మాత్రం చెయ్యి వదల్లేదు.

ఆయన మేనల్లుడు, నీలో అనేవాడికి ఒళ్ళు మండిపోతోంది. ప్లాస్టిక్ నీళ్ళ గొట్టం తెచ్చి, కాల్చి వంచి, చివర కాగితం ఫిల్టరు తొడిగి, బంపర్ వెనక నుంచి ఇంజన్ చల్లగాలి పీల్చేలా తన పాత కారుకి సొంతంగా బిగించుకున్నాడు. నిన్నంతా బ్రహ్మాండంగా పరిగెత్తింది. పొద్దున చర్చి ఫాదర్ వచ్చి, బానెట్ తెరిపించి, దీవెన నీళ్ళు చల్లి వెళ్ళాక మొరాయించింది. రెండు దగ్గులు దగ్గి ఆగిపోతోంది. రేపు పసిదాని బాప్తిస్మానికి ఇందులోనే గుడికెళ్ళాలి.

“విద్రోహం,” అని తేల్చేశాడు కాన్రాడో. “ఈ గొట్టాన్ని చూసి నవ్విందెవడు?”

“ఎల్పిడియో. కానీ కోసిపెట్టింది కూడా వాడే మావయ్యా. రేపు బాప్తిస్మంలో నా కూతుర్ని ఎత్తుకునే జ్ఞానతండ్రి వాడు.”

“తాకాడన్నమాట. నేల మీద చెప్పుల గుర్తులున్నాయి. వాడి కాళ్ళకి చెప్పులున్నాయి.”

“వీధిలో అందరూ వేసేది చెప్పులే కదా.”

“అందుకే ఈ కేసు ఇంత జటిలం.”

పక్కింటి ఎల్పిడియోని పిలిచి కారు ముందు నిలబెట్టారు. నీలో నోరు జారాడు. “గొట్టంలో ఏం కుక్కావో చెప్పు. లేదంటే రేపు గుడికి రావద్దు. నా బిడ్డకి నీలాంటివాడు అక్కర్లేదు.”

కలిసి పెరిగిన ఎల్పిడియో మొహం చిన్నబుచ్చుకుని రెండడుగులు వెనక్కేశాడు. అది చూసీ నీలో తగ్గలేదు.

“నేరాన్ని మళ్ళీ జరిపిస్తే నేరస్థుడు వణుకుతాడు. కారు స్టార్ట్ చెయ్యి,” అని ఆజ్ఞాపించి, కాన్రాడో బానెట్ కింద తల దూర్చి పుల్లతో కెలికాడు. కాలు జారింది. పడిపోకుండా గొట్టం పట్టుకుంటే అది ఫిల్టరుతో సహా ఊడి చేతికొచ్చింది. ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది.

కాన్రాడో వెల్లకిలా పడ్డాడు. ఆయన పొట్ట మీద ఫిల్టరు నీళ్ళోడుతోంది. నానిన రొట్టెలా ఉబ్బిపోయింది, గాలి దూరే సందు లేదు.

నీలో భార్య లుర్దిత బిడ్డని చంకనేసుకుని బయటికొచ్చింది. “ఫాదర్ చల్లింది నాలుగు చుక్కలు మావయ్యా. ‘కొత్త గొట్టం, దీనికి గట్టి దీవెన కావాలి’ అని దీవెన నీళ్ళ సీసా మొత్తం అందులో ఒంపిందెవరు?”

కాన్రాడో పడుకునే పుల్ల పైకెత్తాడు. “చూశారా, నేరస్థుణ్ణి పట్టేశాను,” అన్నాడు.

నీలో తల దించుకుని ఎల్పిడియో దగ్గరికెళ్ళాడు. “తప్పైపోయిందిరా. సిగ్గుగా ఉంది. నువ్వు లేకపోతే రేపు బాప్తిస్మమే లేదు.”

ఎల్పిడియో బిడ్డ వంక చూశాడు. తర్వాత కాన్రాడో వంక చూశాడు.

“రేపు దీని నెత్తిన నీళ్ళు పోసేది ఫాదరే గదా? అయితే వస్తాను.”