సీలు వేసిన సంతానం

అంతరించిపోతున్న జంతువులను మన న్యాయవ్యవస్థ కాపాడినంత పదిలంగా ఏ అడవీ కాపాడలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. నమ్మనివాళ్లు మా కోర్టుకు రావచ్చు. (మా ఇంటి గోడ కేసు పుణ్యమా అని నేను అక్కడే సగం కాపురం ఉంటున్నాను.) లోకం మొత్తం మీద రాగిచారల తాబేళ్లు మిగిలింది రెండు. రెండూ మా కోర్టు సాక్ష్యాల గదుల్లోనే ఉన్నాయి.

మగది ఒక దొంగరవాణా కేసులో సాక్ష్యం, ఆడది ఇంకో దొంగరవాణా కేసులో. గదులు ఎదురెదురు, మధ్యలో వరండా. రెండింటి డొప్పల మీదా లక్కముద్ర, నంబరు చీటీ. నిందితులకు వారం తిరక్కుండానే బెయిలు వచ్చింది. తాబేళ్లకు బెయిలిచ్చే సెక్షను లేదు. (పూచీకత్తు మీద అడవికి పంపవచ్చట. కాని పూచీ మార్కెట్ ధరకు సమానంగా ఉండాలి. అమ్మకమే నేరం కాబట్టి ప్రభుత్వానికి ధర తెలియదు. తెలిసినవాళ్లు నిందితులే, వాళ్లు బేరంలో దిగే మనుషులు కారు.)

తాబేళ్ల మీద పరిశోధనలోనే జుట్టు నెరిసిన డాక్టరమ్మ ఒకావిడ, ఆ రెండు గదులూ చూసే గుమస్తాను బతిమాలింది.

"ఆడదానికి వయసు మీరిపోతోందయ్యా. ఈ ఏడాది గుడ్లు పెట్టకపోతే ఈ జాతి ఇక లేనట్టే. ఒక్క పూట రెండింటినీ కలపండి."

"భలేవారే అమ్మా! ఒక కేసు సాక్ష్యాన్ని ఇంకో కేసు సాక్ష్యంతో కలిపితే తారుమారు చేశానంటారు. నా ఉద్యోగం ఊడుతుంది."

ఆయన చెడ్డవాడేం కాదు. తన డబ్బాలోని కీరా ముక్కలు రోజూ వాటికే పెడతాడు.

ఆవిడ రెండు కేసుల్లోనూ అర్జీ పెట్టుకుంది. చెప్పులరిగాక ఉత్తర్వు వచ్చింది. కలయిక వరండాలోనే జరగాలి (అది ఏ కేసు కిందికీ రాదు కనుక). ఇరుపక్షాల లాయర్లు, ఒక ఫొటోగ్రాఫరు హాజరుండాలి. లాయర్లు అలవాటు కొద్దీ వాయిదా అడిగారు. తాబేళ్లు మాత్రం అడగలేదు.

కొన్నాళ్లకు ఆడది బీరువా చాటున గుడ్లు పెట్టింది. నిజం చెప్పొద్దూ, గోడ కేసు ఓడిపోయే స్థితిలో ఉన్న నేను కూడా ఆ రోజు సంతోషం పట్టలేకపోయాను. డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"వెంటనే వెచ్చటి ఇసుకలో పెట్టాలి బాబూ!"

"ఇసుకా? పక్కగదిలో గుట్టలున్నాయి. కానీ అది అక్రమ తవ్వకాల కేసుదమ్మా, ముట్టుకోకూడదు."

"పోనీ, బయట నుంచి నేనే తెస్తాను."

"ఈ గదిలోకి ఏదొచ్చినా సాక్ష్యమేనమ్మా. గుడ్డలో చుట్టి, లక్క వేసి, బీరువాలో పెట్టాలి. ఇసుకైనా అంతే, గుడ్లైనా అంతే."

అలాగే చుట్టాడు. డాక్టరమ్మ బీరువాకు తల ఆనించి ఏడ్చింది. ఆయనకూ కళ్లు చెమర్చాయి.

"పగలకుండా లోపల దూది కూడా పెట్టానమ్మా," అని ఓదార్చాడు.

నెలలు గడిచాక, మొన్నటి వాయిదాలో న్యాయమూర్తి గారు ఆ పొట్లాన్ని తిప్పి తిప్పి చూసి గుమస్తాను మెచ్చుకున్నారు. సీలు చెక్కుచెదరలేదని రాయించారు. దాన్ని బయటినుంచి గాని, లోపలినుంచి గాని ఎవరూ పగలగొట్టలేదు.